కోతి కడుపున మనిషి పుట్టిన రోజు ఏది?

జీవపరిణామం గురించి మీరు అడిగింది ఒక ప్రశ్నలా ఉంది కానీ అందులో నాలుగున్నాయి. ఒక జాతి మెల్లమెల్లగా ఇంకో జాతిగా మారుతుందంటే ఆ మారిన రోజు ఏది? మొదటి మనిషి పుడితే అతనికి జోడీ ఎక్కణ్ణుంచి వచ్చింది? సగం తయారైన కన్నుతో జంతువు ఎలా బతికింది? ఇదంతా గుడ్డి అదృష్టమేనా? డిగ్రీ పిల్లలకు ఇరవై ఎనిమిదేళ్లు జువాలజీ చెప్పాను. ఈ నాలుగూ ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. మీరు అడిగిన వరసలో కాకుండా, ఏ ముడి విప్పితే మిగతావి వదులవుతాయో అక్కణ్ణుంచి మొదలుపెడతాను.

చిక్కంతా "జీవి మారుతుంది" అనే మాటలో ఉంది. ఏ జీవీ మారదు. ఏ ముక్కుతో పుట్టిన పిట్ట ఆ ముక్కుతోనే చచ్చిపోతుంది. మారేది గుంపులో లెక్క: ఏ రకం ఎంతమంది ఉన్నారు అన్నది. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో తప్పుగానే చెప్పాను. "చలికి తట్టుకోవడానికి ఎలుగుబంటికి బొచ్చు దట్టంగా పెరిగింది" అని బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి "ఏ ఎలుగుబంటికి సార్?" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను కానీ నా దగ్గర జవాబు లేదు. చలి వేస్తుంటే బొచ్చు పెంచుకున్న ఎలుగుబంటి ఎక్కడా లేదు. కాస్త పలచగా, కాస్త దట్టంగా రకరకాల బొచ్చుతో పుట్టిన ఎలుగుబంట్లున్నాయి. వాటిలో కొన్నింటి పిల్లలు ఎక్కువగా మిగిలాయి. అంతే జరిగింది.

ఇలా కొన్ని రకాలే ఎక్కువగా మిగలడానికి మన పాఠ్యపుస్తకాల్లో వాడే "ప్రకృతి వరణం" అనే మాట కూడా ఈ గందరగోళానికి కొంత కారణమని నా అనుమానం. వరణం అనగానే స్వయంవరం గుర్తొస్తుంది. ఎవరో దండ పట్టుకుని నిలబడి, వరసలో ఉన్నవాళ్లను చూసి ఒకరిని ఎంచుకున్నట్టు ఉంటుంది. ఇక్కడ దండ లేదు, పట్టుకున్నవాళ్లూ లేరు. జల్లెడ అనుకోండి, కాస్త దగ్గరగా ఉంటుంది. జల్లెడకు ఇష్టాయిష్టాలు ఉండవు. రంధ్రం కన్నా పెద్దది పైన ఉండిపోతుంది, చిన్నది కిందికి పోతుంది.

ఆ జల్లెడ పనిచేస్తుండగా చూసినవాళ్లున్నారు. పసిఫిక్ సముద్రంలోని గలపాగస్ దీవుల్లో డాఫ్నే మేజర్ అని ఒక చిన్న దీవి ఉంది. సముద్రంలోంచి పైకి లేచిన అగ్నిపర్వతపు కొన తప్ప అక్కడ ఏమీ లేదు. మనుషులుండరు, మంచినీళ్లు ఉండవు. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే భార్యాభర్తలు 1973 నుంచి నలభై ఏళ్ల పాటు అక్కడికి వెళ్తూ వచ్చారు. ఫించ్ పిట్టలను వలవేసి పట్టుకోవడం, కాలికి రంగు రింగులు తొడగడం, ముక్కు కొలవడం, వదిలేయడం, ఇదే పని. ఏ పిట్ట ఎవరి పిల్ల, దాని పిల్లల్లో ఎన్ని బతికాయి అన్నది వాళ్ల నోటుబుక్కుల్లో ఉండేది. ఇంత ఓపిక ఉన్న పరిశోధన జీవశాస్త్రంలో చాలా తక్కువ.

1977లో ఆ దీవిలో వాన దాదాపు పడలేదు. మెత్తటి చిన్న గింజలను పిట్టలు కొన్ని నెలల్లోనే ఊడ్చేశాయి. మిగిలినవి గట్టి కాయలు. వాటిలో ముఖ్యమైనది పల్లేరు కుటుంబానికి చెందిన మొక్క కాయ. పల్లేరు కాయ కాల్లో గుచ్చుకున్న అనుభవం ఉన్నవాళ్లకు దాన్ని ముక్కుతో పగలగొట్టడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. మధ్యరకం ముక్కుండే ఒక ఫించ్ జాతిలో ఆ కరవుకి సుమారు 85 శాతం చచ్చిపోయాయి. బతికినవాటి ముక్కులు కొలిస్తే, కరవుకు ముందున్న గుంపు సగటు కన్నా దాదాపు అర మిల్లీమీటరు మందంగా ఉన్నాయి. అర మిల్లీమీటరంటే మన చేతి గోరు మందం. ఆ గోరు మందం తేడా కొన్ని పిట్టలకు కాయ పగిలేలా చేసింది, కొన్నింటికి పగలనివ్వలేదు.

గమనించండి, ఏ పిట్ట ముక్కూ ఆ కరవులో వెంట్రుకవాసి కూడా పెరగలేదు. సన్నముక్కు పిట్టలు ఎక్కువగా చావడం వల్ల సగటు పెరిగింది. ఇంతవరకే అయితే అది చావుల లెక్క మాత్రమే. అసలు సంగతి తర్వాతి ఏడాది తెలిసింది. బతికిన పిట్టలకు పుట్టిన పిల్లల ముక్కులు కూడా పాత సగటు కన్నా మందంగానే వచ్చాయి, ఎందుకంటే ముక్కు మందం చాలావరకు తల్లిదండ్రుల నుంచి దిగేదే. అది పరిణామం. కోట్ల ఏళ్లు పట్టలేదు, ఒక్క తరంలో జరిగింది, స్కేలుతో కొలిచారు.

ఈ కథకు రెండో సగం ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. 1983లో ఎల్ నినో (పసిఫిక్ సముద్రపు నీళ్లు వేడెక్కడం) వల్ల అక్కడ కుండపోతగా వానలు పడ్డాయి. చిన్న గింజల మొక్కలు విపరీతంగా మొలిచి పల్లేరును కప్పేశాయి. ఆ తర్వాత వచ్చిన ఎండల్లో చిన్న ముక్కులున్న పిట్టలదే పైచేయి అయింది. అంటే జల్లెడ రంధ్రాలే మారిపోయాయి. ముక్కు ఏదో ఒక గొప్ప లక్ష్యం వైపు ప్రయాణం చేయడం లేదు. ఆ ఏడాది ఏ గింజ దొరికితే దానికి తగ్గట్టు సగటు అటూ ఇటూ ఊగుతోంది. వేల ఏళ్ల పాటు ఒకే వైపు లాగే పరిస్థితి ఉంటే ఆ ఊగడం ఒకవైపు జరగడం అవుతుంది.

ఇక్కడ మూడు సంగతులు కలిశాయి. గుంపులో తేడాలున్నాయి. ఆ తేడాలు పిల్లలకు దిగుతాయి. ఆ తేడాల వల్ల ఎవరికి ఎంతమంది పిల్లలు మిగులుతారన్నది మారుతుంది. ఈ మూడూ ఉన్నచోట ప్రకృతి వరణం జరిగి తీరుతుంది, ఆపాలన్నా ఆగదు. డార్విన్, వాలెస్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్తలిద్దరూ వేర్వేరుగా పట్టుకున్నది ఇదే. 1858 జులై 1న లండన్‌లోని లినియన్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘంలో ఇద్దరి రచనలూ కలిపి చదివారు. డార్విన్ పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది.

అయితే డార్విన్‌కు రెండో సంగతి ఎలా జరుగుతుందో తెలియదు. అప్పట్లో అందరూ తల్లి లక్షణం, తండ్రి లక్షణం పాలలో నీళ్లు కలిసినట్టు కలిసిపోతాయని అనుకునేవారు. 1867లో ఫ్లీమింగ్ జెన్‌కిన్ అనే ఇంజనీరు దీన్నే పట్టుకుని గట్టి దెబ్బ కొట్టాడు: అలా కలిసిపోతే ఏ మంచి మార్పు వచ్చినా నాలుగు తరాల్లో పలచబడి మాయమైపోతుంది కదా, ఇక ఎంపిక దేని మీద పనిచేస్తుంది? అది నిజంగానే మంచి ప్రశ్న. జవాబు అప్పటికే అచ్చయి ఉంది. 1866లో మెండెల్ బఠానీ మొక్కల మీద రాసిన వ్యాసంలో లక్షణాలు కలిసిపోవని, విడివిడి రేణువుల్లా దిగుతాయని ఉంది. దాన్ని పట్టించుకోవడానికి ప్రపంచానికి 1900 దాకా పట్టింది. డార్విన్ 1882లోనే పోయాడు.

రేణువుల్లా దిగుతాయి కాబట్టే చిన్న లాభం కూడా కూడుతూ పోతుంది. ఒక లెక్క చూడండి. తేలిక కోసం తల్లి నుంచి పిల్లకు నేరుగా దిగే జీవిని తీసుకుందాం. గుంపులో నూటికి ఒకదానికి ఒక కొత్త జన్యురూపం, అంటే ఒక జన్యువులో కొత్త రకం, ఉంది. అది లేనివాటికి 100 పిల్లలు మిగిలేచోట ఉన్నవాటికి 101 మిగులుతాయి. నూటికి ఒకటి లాభం, కళ్లతో చూస్తే అసలు కనపడదు. ఆ రూపం నూటికి 99 జీవులకు చేరడానికి పట్టే కాలం సుమారు 920 తరాలు. ఏడాదికో తరం ఉండే జీవికైతే వెయ్యేళ్లు కూడా కాదు. పది లక్షల ఏళ్లలో ఇలాంటివి ఒకదాని తర్వాత ఒకటిగా వెయ్యికి పైగా పడతాయి. శిలాజాల వాళ్లు పది లక్షల ఏళ్లను చిన్న అంకెలా మాట్లాడతారని గుర్తుంచుకుంటే "ఇంత మార్పు మెల్లగా ఎలా సాధ్యం" అన్న టెన్షన్ చాలావరకు పోతుంది.

ఇక గుడ్డి అదృష్టం సంగతి. సగం అవును, సగం కాదు. కొత్త మార్పులు పుట్టడం యాదృచ్ఛికమే. పుట్టే ప్రతి మనిషి డిఎన్ఏలో తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు సుమారు 60, 70 ఉంటాయి. ఎక్కువ వాటివల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. కొన్ని చెడు చేస్తాయి, ఏ కొద్దో మేలు చేస్తాయి. జీవికి అవసరం ఉంది కదా అని సరైన మార్పు రాదు. కానీ వచ్చినవాటిలో ఏది నిలుస్తుందన్నది అదృష్టం మీద మాత్రమే ఆధారపడదు. పల్లేరు కాయ ముందు సన్నముక్కు, మందముక్కు సమానం కావు.

ఈ రెండూ ఎలా కలిసి నడుస్తాయో రిచర్డ్ లెన్‌స్కీ అనే అమెరికన్ శాస్త్రవేత్త ప్రయోగం చూపించినంత బాగా ఇంకేదీ చూపించలేదని నా అభిప్రాయం. 1988లో ఆయన ఇ. కోలై బ్యాక్టీరియాను, ఒకే పూర్వికురాలి సంతానాన్ని, పన్నెండు ఫ్లాస్కుల్లో వేశాడు. రోజూ ప్రతి ఫ్లాస్కులోంచి నూరో వంతు తీసి కొత్త ద్రవంలో వేయడం, ప్రతి 500 తరాలకు కొంత తీసి ఫ్రీజర్‌లో దాచడం. ఇప్పటికి 70 వేల తరాలు దాటింది. పన్నెండింటిలోనూ బ్యాక్టీరియా ఆ ఫ్లాస్కులో వేగంగా పెరగడం నేర్చింది (నేర్చింది అన్నది మాటవరసకే). అది ఎంపిక పని, అందుకే అన్నిచోట్లా జరిగింది. కానీ ఆ ద్రవంలో సిట్రేట్ అనే పదార్థం మొదటినుంచీ ఉంది, ఆక్సిజన్ ఉన్నప్పుడు ఇ. కోలై దాన్ని తినలేదు. 31 వేల తరాలు దాటాక ఒకే ఒక్క ఫ్లాస్కులో తినగలిగే రకం పుట్టింది. ఫ్రీజర్‌లో దాచిన పాత తరాలను మళ్లీ పెంచి చూశారు. ఇరవై వేల తరాల తర్వాతివాటిలో ఆ శక్తి అప్పుడప్పుడు మళ్లీ వచ్చింది, అంతకు ముందువాటిలో రాలేదు. అంటే ఎప్పుడో వచ్చిన వేరే మార్పు ఒకటి తాళం తీసిపెట్టింది, తలుపు చాలాకాలం తర్వాత తెరుచుకుంది. పూర్వీకులను ఫ్రీజర్‌లోంచి బయటికి తీసి అడగగలగడం, చూడండి, ఎంత భోగమో.

సగం కన్ను విషయానికొస్తాను. "సగం కన్ను" అంటే మనం మన కన్నునే కత్తితో సగం కోసినట్టు ఊహించుకుంటాం. అలాంటిది ఎప్పుడూ లేదు. వెలుగు పడితే తెలిసే కణాల మచ్చ ఒకటి చాలు, నీడ పడగానే ముడుచుకోవచ్చు. ఆ మచ్చ కాస్త గుంటపడితే వెలుగు ఏ వైపునుంచి వస్తోందో తెలుస్తుంది. ప్లనేరియా అనే చదును పురుగుకి ఇవాళ్టికీ అలాంటి గిన్నె కళ్లే. గుంట లోతై మూతి సన్నబడితే మసకగా ఆకారం కనిపిస్తుంది. నాటిలస్ అనే సముద్రజీవి కన్ను అలాంటిదే, దానికి కటకం (లెన్స్) లేదు, చిన్న రంధ్రమే. ఆ రంధ్రం మీద పారదర్శకమైన పొర, దాని లోపల కటకం, ఇలా పోతుంది. ప్రతి మెట్టు మీదా ఇవాళ బతికున్న జంతువులున్నాయి, ఏదీ తన కన్ను సగమే అని బాధపడటం లేదు. నిల్సన్, పెల్గర్ అనే ఇద్దరు 1994లో దీన్ని లెక్కగట్టారు. చదునైన మచ్చ నుంచి చేప కన్నులాంటిదాకా ఒక్కో మెట్టుకు నూటికి ఒకటి చొప్పున మార్పు అనుకుంటే 1829 మెట్లు. వేగాన్ని కావాలనే తక్కువగా పట్టుకున్నా నాలుగు లక్షల తరాలు దాటలేదు.

జీవుల శరీరం ముందుచూపు ఉన్నవాడు చేసిన పని కాదని తెలియాలంటే జిరాఫీ మెడ కోయాలి. మెదడు నుంచి స్వరపేటికకు వెళ్లే ఒక నరం, నేరుగా వెళ్తే జానెడు దూరం కూడా లేదు, గుండె దగ్గరున్న పెద్ద ధమని చుట్టూ తిరిగి మళ్లీ మెడ పైకి ఎక్కుతుంది. నాలుగు మీటర్లకు పైగా ప్రయాణం. చేపలాంటి పూర్వీకుల్లో మెడ లేదు, ఆ దారే దగ్గరి దారి. తర్వాత మెడ వచ్చింది, కొద్దికొద్దిగా సాగింది, నరం కూడా కొద్దికొద్దిగా సాగింది. ఏ తరంలోనూ తీసి మళ్లీ వేసే అవకాశం రాలేదు. ఇంజనీరైతే కాగితం మీద చెరిపేసి మళ్లీ గీస్తాడు.

"యోగ్యమైనవే మిగులుతాయి" అన్నచోట "యోగ్యత" అనే మాట విన్నప్పుడు కూడా బలం, గొప్పతనం అనుకోకండి. మొజాంబిక్‌లోని గొరోంగోసా పార్కులో 1977 నుంచి 1992 దాకా జరిగిన అంతర్యుద్ధంలో దంతాల కోసం, మాంసం కోసం ఏనుగులను నూటికి తొంభైకి పైగా చంపేశారు. యుద్ధానికి ముందు ఆడ ఏనుగుల్లో దంతాలు లేనివి 18.5 శాతం. యుద్ధం నుంచి బయటపడ్డవాటిలో 50.9 శాతం. తుపాకీ ఉన్నచోట దంతం లేకపోవడమే యోగ్యత. ఆ మార్పు తెచ్చే జన్యువు మగపిల్లలను కడుపులోనే చంపేస్తుంది కూడా, అయినా పెరిగింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, ఆ మారిన రోజు. దీనికి నాకు తోచిన మంచి ఉదాహరణ లిపి. వెయ్యేళ్ల కిందటి శాసనాల్లో ఉన్నది తెలుగు-కన్నడ లిపి, రెండు భాషలకూ ఒకటే. ఇవాళ తెలుగు లిపి వేరు, కన్నడ లిపి వేరు. మరి విడిపోయిన రోజు ఏది? ఏ లేఖకుడూ పొద్దున్నే లేచి "ఇవాళ్టి నుంచి కొత్త లిపి" అని మొదలుపెట్టలేదు. ప్రతివాడూ గురువు చేతిరాతకు దాదాపు అచ్చంగా రాశాడు. తలకట్టు ఇటు ఒకలా, అటు ఇంకోలా వంగుతూ వచ్చింది. తండ్రి రాసింది చదవలేని కొడుకు ఒక్క తరంలోనూ లేడు. అయినా అంచుల్ని పక్కపక్కన పెడితే రెండు లిపులు. ఇంకో సంగతి, ఇవాళ్టి తెలుగు లిపి ఇవాళ్టి కన్నడ లిపి నుంచి పుట్టలేదు, రెండూ పాతదాని నుంచి వచ్చాయి. మనిషీ చింపాంజీ కూడా అంతే. సుమారు 60, 70 లక్షల ఏళ్ల కిందట బతికిన ఉమ్మడి పూర్వీకుల నుంచి రెండూ వచ్చాయి, ఆ పూర్వీకులు మనిషీ కాదు, చింపాంజీ కాదు. ఈ ఉదాహరణ ఇక్కడితో ఆపాలి, ఎందుకంటే రాతలో తేడా వల్ల ఎవరి పిల్లలూ చావలేదు. అక్కడ జల్లెడ లేదు, జారడం మాత్రమే ఉంది.

అందుకే "మొదటి మనిషికి జోడీ ఎవరు" అన్న ప్రశ్నే నిలబడదు. మొదటి మనిషి అంటూ ఎవరూ పుట్టలేదు. పుట్టిన ప్రతి పిల్లా తల్లి జాతిదే, తన ఈడువాళ్లలోనే జోడీ దొరికింది. పేర్లు మనం తర్వాత పెట్టుకున్నవి. అందుకే కొన్ని పాత పుర్రెలను ఏ జాతిలో వేయాలన్నదాని మీద నిపుణులు ఇప్పటికీ కొట్టుకుంటుంటారు. నాకైతే ఆ కొట్లాట చూస్తే సంతోషం: మెల్లగా మారిందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? గీత స్పష్టంగా ఉంటే గొడవే ఉండదు.

ఒక గుంపు రెండు కావాలంటే మాత్రం సాధారణంగా మధ్యలో అడ్డం పడాలి: సముద్రమో, కొండో, ఎడారో. కలిసి పిల్లల్ని కంటున్నంతకాలం జన్యువులు అటూ ఇటూ పారుతూనే ఉంటాయి, తేడాలు నిలవవు. అడ్డం పడ్డాక ఎవరి జల్లెడ వాళ్లది. మళ్లీ కలిసేసరికి ఒకరినొకరు జోడీగా గుర్తుపట్టకపోతే జీవశాస్త్రం లెక్కలో అవి రెండు జాతులు. గ్రాంట్ దంపతులకు ఇదీ కళ్లముందే కనిపించింది. 1981లో డాఫ్నేకు వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని మరో దీవి నుంచి ఒక పెద్ద మగ ఫించ్ ఎగిరొచ్చింది. అక్కడి ఆడపిట్టతో జతకట్టింది. దాని పాట వేరు, పిల్లలు తండ్రి పాటే నేర్చుకున్నాయి. స్థానిక పిట్టలు వాటిని పట్టించుకోలేదు. రెండు మూడు తరాల్లోనే ఆ వంశం తమలో తామే జతకట్టడం మొదలుపెట్టింది. దాన్ని కొత్త జాతి అనొచ్చా అంటే నేను ఇంకా తొందరపడను, ఉన్నవే కొన్ని పదుల పిట్టలు, ఒక కరవు వస్తే తుడిచిపెట్టుకుపోతాయి. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సుది ఇంకా పెద్ద కథ. ఆ సరస్సు సుమారు 15 వేల ఏళ్ల కిందట ఎండిపోయి మళ్లీ నిండింది. ఇప్పుడు అందులో సిక్లిడ్ చేపలు వందల జాతులు. నీళ్లు మళ్లీ చేరేటప్పటికే వాటి పూర్వీకుల్లో రకరకాల జన్యురూపాలు కలగలిసి ఉన్నాయి కాబట్టి అంత వేగం సాధ్యమైంది.

ఇంతా చెప్పి ఒకటి ఒప్పుకోవాలి. మీరు వెతుకుతున్న ఆ "ఒక్క రోజు" జంతువుల్లో దాదాపు దొరకదు కానీ మొక్కల్లో దొరుకుతుంది. రెండు జాతుల మొక్కలు కలిసి పుట్టిన సంకరం మామూలుగా గొడ్డుది, దాని క్రోమోజోములకు (జన్యువులుండే పోగులకు) జతలు కుదరవు. ఎప్పుడైనా పొరపాటున క్రోమోజోములన్నీ రెట్టింపు అయితే ప్రతిదానికీ జత దొరుకుతుంది, విత్తనం కడుతుంది. తల్లి మొక్కతో గానీ తండ్రి మొక్కతో గానీ కలిసినా సరైన సంతానం రాదు. ఒక్క తరంలో కొత్త జాతి. యూరప్ నుంచి అమెరికా చేరిన ట్రాగోపోగన్ అనే పూలమొక్కల్లో ఇలా పుట్టిన రెండు కొత్త జాతులను 1950లో వర్ణించారు. వాటి తల్లిదండ్రుల జాతులు అవి పుట్టిన ఆ ప్రాంతానికి వచ్చి అప్పటికి యాభై ఏళ్లు కూడా దాటలేదు. రొట్టెల గోధుమ కూడా ఇలాంటి కలయికలు రెండుసార్లు జరిగి పుట్టిందే, మూడు గడ్డిజాతుల క్రోమోజోములు కలిపి 42 ఉంటాయి. మీ జోడీ ప్రశ్న ఇక్కడ నిజంగానే వర్తిస్తుంది: అలాంటి మొదటి మొక్కకు ప్రపంచంలో జోడీ లేదు. కానీ దాని పువ్వులో పుప్పొడీ ఉంది, అండాశయమూ ఉంది. తనతో తనే విత్తనం కట్టుకుంది.